నాలుగు మిలియన్ల నాయన

ఈ ఫిర్యాదు ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక పత్రికకెక్కుతున్నాను. ఎవరి గడప తొక్కాలో తెలియకపోవడం కల్లూరు వాళ్ళకు కొత్తేమీ కాదు. మేముండేది కర్నూలు కార్పొరేషన్‌లో, ఓటేసేది పాణ్యం నియోజకవర్గంలో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పంచినప్పుడు పాణ్యం నంద్యాల వాటాకు పోయింది, మేం కర్నూలు వాటాలో మిగిలాం. ఇన్ని గడపలు ఎరిగినవాణ్ణి కనుక ధైర్యంగా చెప్తున్నా: మా ఇంట్లో ప్రస్తుతం జరుగుతున్నదానికి రాష్ట్రంలో ఎక్కడా గడప లేదు.

విషయం ఇదీ. మా ఇంటిల్లిపాదీ ఇంగ్లండులో బంతి తన్నేవాళ్ళను కొని అమ్ముతున్నారు.

డబ్బు పెట్టి ఆడితే నాకు దిగులే లేదు, చట్టం చూసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, పందెం కాసే ఆన్‌లైన్ ఆటలకు తలుపులు మూసింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి ఒక చట్టం చేస్తే, 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదం కూడా పడింది. ఆ దెబ్బకు డ్రీమ్ లెవెన్ వాళ్ళు డబ్బు పోటీలు ఆపేశారు. భారత క్రికెట్ జట్టు చొక్కా మీద నుంచి ఆ పేరు కూడా దిగిపోయింది. సెప్టెంబరులో ఆసియా కప్పును మనవాళ్ళు స్పాన్సర్ పేరు లేని చొక్కాలతోనే ఆడి గెలిచారు. ఆ వార్తలన్నీ నేను మావాడికి వినపడేలా గట్టిగా చదివాను.

వాడు సెల్లులో నుంచి తల ఎత్తకుండానే, "మాది డబ్బులాట కాదు నాయనా. ఫాంటసీ ప్రీమియర్ లీగ్. పైసా కట్టేది లేదు, పైసా వచ్చేది లేదు" అన్నాడు.

నా ఫిర్యాదులో మొదటి అంశం అదే. పేకాటలో డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి పదిమందిలో నిలబెట్టి బుద్ధి చెప్పించవచ్చు. పైసా పోకుండా నిద్ర, తిండి, పెద్దల మాట మీద గౌరవం మాత్రమే పోగొట్టుకునేవాణ్ణి ఏ సెక్షన్ కింద పట్టించాలి? శాసనకర్తలు ఈ ముక్క ఆలోచించినట్టు లేదు.

తెలియని గృహస్థుల కోసం ఆట సంగతి క్లుప్తంగా చెప్తాను. ముందు జాగ్రత్త అనుకోండి. ఆడేవాడి చేతిలో పది కోట్ల పౌండ్లు పెడతారు. వాళ్ళ లెక్కలో వంద మిలియన్లు, మన రూపాయల్లో వెయ్యి కోట్ల పైమాట. అంతా ఉత్తుత్తి డబ్బే. దాంతో పదిహేను మందిని కొనాలి: ఇద్దరు గోలీలు, అయిదుగురు డిఫెండర్లు, అయిదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డులు. ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. పదకొండు మంది ఆడతారు, నలుగురు బెంచీ మీద కూర్చుంటారు. అక్కడ నిజం మ్యాచ్‌లో వాళ్ళు గోలు కొడితే ఇక్కడ వీళ్ళకు పాయింట్లు. అరవై నిమిషాలు మైదానంలో నిలబడితే రెండు. డిఫెండరు గోలు కొడితే ఆరు, ఫార్వర్డు కొడితే నాలుగే. పసుపు కార్డు చూపిస్తే ఒకటి కోత. 2002లో మొదలైన ఈ జాడ్యం ఇప్పుడు ప్రపంచంలో కోటిమందికి పైగా పట్టుకుంది. వాళ్ళలో నలుగురు నాకు సొంత మనుషులు.

మొదటి ముద్దాయి మా అబ్బాయి, ఇంజనీరింగు. రెండో ముద్దాయి వాళ్ళక్క, లెక్కల్లో పీజీ. మూడో ముద్దాయి మా బామ్మర్ది, డాలస్‌లో సాఫ్ట్‌వేరు. నాలుగో ముద్దాయి పేరు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమె ఇంట్లోనే ఉంటుంది, నాకు అన్నం పెడుతుంది.

వీళ్ళందరినీ పట్టి పీడిస్తున్న ప్రశ్న ఒక్కటే: చవకలో మంచోడు ఎవడు? హాలండ్ అనే పేరుమోసిన ఫార్వర్డును 2025-26 సీజను మొదట్లో పద్నాలుగు మిలియన్లు పోసి కొన్నారు. అట్లాంటివాళ్ళను ఇద్దరు ముగ్గురిని తెచ్చుకునేసరికి సంచి తేలికవుతుంది. మిగతా గూళ్ళు నింపడానికి నాలుగు, నాలుగున్నర మిలియన్ల వాళ్ళను ఏరాలి. అందరికీ కనపడేవాణ్ణి కొనడంలో గొప్పేముంది, ఎవరికీ కనపడనివాణ్ణి ముందే పట్టుకోవాలి. దీన్ని వాళ్ళు వాల్యూ అంటారు. పొద్దున పళ్ళు తోముకుంటూ వాల్యూ, రాత్రి మజ్జిగన్నం కలుపుకుంటూ వాల్యూ.

ఈ వాల్యూకు మా ఇంట్లో ఒక పురాణమే ఉంది. నాకు ఇష్టం లేకపోయినా నోటికొచ్చేసింది. 2015-16లో లెస్టర్ సిటీలో రియాద్ మహ్రేజ్ అనేవాడు అయిదున్నర మిలియన్లకు దొరికాడట. ఏడాది చివరికి 240 పాయింట్లు తెచ్చాడు, ఆ ఊరికి కప్పూ వచ్చింది. 2019-20లో షెఫీల్డ్ యునైటెడ్‌లో జాన్ లండ్‌స్ట్రామ్ ఇంకా విడ్డూరం. ఆటవాళ్ళు వాడి పేరు డిఫెండర్ల పట్టీలో ఎక్కించి అతి తక్కువ ధర, నాలుగు మిలియన్లు, వేశారు. వాడు మైదానంలో ఆడిందేమో మిడ్‌ఫీల్డులో. గోలు కొడితే డిఫెండరు లెక్కన ఆరు, జట్టు గోలు ఇవ్వకపోతే డిఫెండరు లెక్కన ఇంకో నాలుగు. మొత్తం 144. 2023-24లో కోల్ పామర్ మాంచెస్టర్ సిటీ వదిలి చెల్సీకి పోయాడు. ధర అయిదు మిలియన్లు, తెచ్చింది 244. మావాడు లండ్‌స్ట్రామ్ పేరు ముందు 'ప్రభువు' అని చేర్చి పలుకుతాడు. మా మామగారి పేరు వెనక 'గారు' చేర్చడానికి మాత్రం వాడికి బద్ధకం.

పురాణం విన్నాక ఒక సందేహం అడిగాను. ఆ ఏడు నాలుగు మిలియన్లకు దొరికిన మిగతా డిఫెండర్ల పేర్లు చెప్పమన్నాను. మొదటి ముగ్గురు ముద్దాయిలూ ముఖాలు చూసుకున్నారు. ఒక్క పేరూ రాలేదు. వాళ్ళను కొన్నవాళ్ళూ ఉన్నారు కదా, వాళ్ళూ రాత్రిళ్ళు మేలుకొనే ఉంటారు కదా! తగిలినవాడి పేరు పదేళ్ళు మోస్తారు, తగలనివాణ్ణి మర్నాటికే మరిచిపోతారు. చవక బేరం మహిమ అంతా ఈ మతిమరుపు మీద నడుస్తోందని నా అభిప్రాయం.

దానికి మా అమ్మాయి కాగితం తీసింది. లెక్కల పిల్ల కదా, ఊరుకోదు. మిలియనుకు ఎన్ని పాయింట్లో వేసి చూపించింది. పామర్‌కు దగ్గర దగ్గర 49, మహ్రేజ్‌కు 44, లండ్‌స్ట్రామ్‌కు 36. మొహమ్మద్ సలా 2024-25లో 344 పాయింట్లతో ఆట చరిత్రలోనే రికార్డు పెట్టాడు. మొదట పన్నెండున్నర మిలియన్లు పోసి కొన్నవాడు గనుక మిలియనుకు 27న్నరే. "అయితే సలా దండగమారి బేరమే కదమ్మా, అందరూ చవకోళ్ళనే పెట్టుకుంటే సరిపోయె" అన్నాను.

"కాదు నాయనా. పదకొండు మందికే కదా చోటు. అందరూ చవకోళ్ళయితే మిగిలిన డబ్బు యాడ పెడతావ్? మిగిలినదానికి పాయింట్లు రావు. పైగా కెప్టెన్‌కు రెండింతలు వస్తాయి. ఆ కుర్చీలో సలా లాంటోడే కూర్చోవాల. చవకోడు చేసే మేలు వాడు తెచ్చే పాయింట్లలో లేదు. వాడు మిగిల్చే డబ్బులో ఉంది. ఆ డబ్బుతోనే గొప్పోణ్ణి కొంటాం."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత నా మీదికే వస్తుంది.

ఇక ధరల విషయం. ఈ ఆటలో ఆటగాడి ధర కదులుతూ ఉంటుంది. ఎగబడి కొంటే పదో వంతు మిలియను చొప్పున పెరుగుతుంది, వదిలించుకుంటే తగ్గుతుంది. తెల్లవారుజామునే లేచి ధర పెరిగిందా లేదా అని చూసుకునే కొడుకును కన్నందుకు నేను ఆ పూట గర్వపడలేదు. అయిదుకు కొన్నవాడు అయిదు పాయింట్ నాలుగుకు పెరిగితే, అమ్మేటప్పుడు చేతికొచ్చేది అయిదు పాయింట్ రెండే. లాభంలో సగం ఆట మింగేస్తుంది. అదే నాలుగు పాయింట్ ఆరుకు పడిపోతే నష్టం మొత్తం మనదే. ఈ నియమం చెప్పి మావాడు, "భలే చిక్కు కదా నాయనా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా వాళ్ళ సీజను మొదలైన ఆ 2025 ఆగస్టులోనే కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర కుప్పకూలింది. క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామని ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చింది. లాభం వస్తే దళారితో సగం, నష్టం వస్తే రైతు నెత్తిన మొత్తం: ఈ నియమం కనిపెట్టడానికి ఇంగ్లండు పోవలసిన పని లేదు, మా ఊళ్ళ రైతులు తాతల నాటి నుంచి ఈ ఫాంటసీ ఆడుతున్నారు. ఒక్క తేడా ఉంది. ఆటలో అందరూ ఒక్కణ్ణే ఇష్టపడితే వాడి ధర పెరుగుతుంది. యార్డుకు అందరూ ఒకే పంట తెస్తే ధర పాతాళానికి పోతుంది. అక్కడ తప్పు బేరం చేసినవాడికి వచ్చే వారం ఇంకో అవకాశం, ఇక్కడ వచ్చే ఏటి దాకా అప్పు. ఈ ఉపన్యాసం నేను భోజనాల దగ్గర ఇచ్చాను. మా బామ్మర్ది వీడియో కాల్‌లో విని, "కరెక్టే బావా, ఇంతకూ నీ దృష్టిలో ఎవరన్నా నాలుగున్నర డిఫెండర్ ఉన్నాడా?" అన్నాడు.

ఫుట్‌బాల్ మన ఆట కాదు, మనకెందుకీ గొడవ అని కూడా వాదించి చూశాను. అక్కడ మావాడు నాకు రహీం సారును అడ్డం పెట్టాడు. హైదరాబాదు నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. ఆయన కోచింగులో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు కొట్టింది. ఇండియాకు 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. సికింద్రాబాదు పిల్లవాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులోనూ ఉన్నాడు, 1962 జట్టులోనూ ఉన్నాడు. ఇదంతా నాకు తెలుసు, దీనికి కాదనలేదు. కానీ మావాడు అసలు పాయింటుకు వచ్చాడు.

"జకార్తాలో 1962 ఫైనల్లో సౌత్ కొరియా మీద రహీం సారు ఏం చేసినాడో తెలుసా? జర్నైల్ సింగ్ డిఫెండరు, తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. అట్లాంటోణ్ణి ముందుకు తెచ్చి ఫార్వర్డుగా ఆడించినాడు. వాడు గోలు కొట్టినాడు. రెండొకటితో గెలిచినాం. డిఫెండరు గోలంటే ఆరు పాయింట్లు నాయనా! లండ్‌స్ట్రామ్‌కు యాభై ఏండ్ల ముందే రహీం సారు వాల్యూ కనిపెట్టినాడు."

దేశానికి బంగారం తెచ్చిపెట్టిన మహానుభావుణ్ణి ఆరు పాయింట్ల కింద జమ కట్టిన ఈ తరాన్ని ఏమనాలో నాకు తోచలేదు. అప్పటి చదరంగం ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ కూడా 2019 డిసెంబరులో ఈ ఆటలో ప్రపంచంలోకెల్లా మొదటి స్థానంలో ఉన్నాడని, కనుక ఇది మేధావుల పనేనని వాళ్ళక్క తోడు పలికింది. కార్ల్‌సన్ ముందు చదరంగం నేర్చుకున్నాడమ్మా అన్నాను. వినిపించుకోలేదు.

శనివారం మా ఇంటికి చుట్టాలెవరూ రాకూడదని మనవి. ఇంగ్లండులో తొలి మ్యాచ్‌కు తొంభై నిమిషాల ముందు జట్టు ఖరారు చెయ్యాలి. అంటే మనకు సాధారణంగా మధ్యాహ్నం మూడున్నర. అక్టోబరు ఆఖరున ఆ దొరలు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, దాంతో కల్లూరులో గడువు నాలుగున్నరకు మారుతుంది. దొరలు పోయి 78 ఏళ్ళు దాటినా మా ఇంట్లో టీ ఎప్పుడు కాచాలో వాళ్ళే నిర్ణయిస్తున్నారు.

మొన్నటి శనివారం సంగతి చూడండి. మూడూ ఇరవై అయిదు. పొయ్యి మీద ఉగ్గానికి తిరగవాత. బొరుగులు నీళ్ళలో నానబెట్టి పిండేసి పెట్టారు, పుట్నాల పొడి పక్కన సిద్ధంగా ఉంది, రెండో పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు. మావాడు గడప మీద కూర్చొని ఇద్దరు నాలుగున్నర డిఫెండర్ల మధ్య ఊగిసలాడుతున్నాడు. ఒకడి క్లబ్బుకు రాబోయే మ్యాచ్‌లు తేలిక, కానీ వాడు ఆడతాడో లేదో తెలియదు. రెండోవాడు ప్రతి వారం ఆడతాడు, కానీ వాడి జట్టు ప్రతి వారం గోల్స్ తింటుంది. డాలస్‌లో తెల్లవారుజాము అయిదుకు అయిదు నిమిషాలు తక్కువ. మా బామ్మర్ది ఫోనులో కెప్టెన్‌ను మారుస్తూ, మళ్ళీ మారుస్తూ, ఎవరూ తన జట్టు కాపీ కొట్టకూడదని ఒట్టు వేయిస్తున్నాడు. వాళ్ళక్క, అంటే మా ఆవిడ, నూనెలో నుంచి బజ్జీ తీస్తూ వెనక్కి తిరక్కుండానే అంది: "ఆడేవాణ్ణి తీసుకోరా. ఆడనోడు ఎంత చవకైనా దండగే."

నాలుగో ముద్దాయి ఎవరో మీకు తెలిసిపోయింది. మా ఇంటి లీగులో మొదటి స్థానం ఆమెదే. ఆమె పద్ధతి చూస్తే పండితులు సిగ్గుపడాలి. పేరున్నవాళ్ళ వెంట పడదు. తొంభై నిమిషాలూ ఆడేవాళ్ళను కొంటుంది. వారానికో మార్పు ఊరికే ఇస్తారు, దాన్ని కూడా వాడకుండా దాచుకుంటుంది, అయిదు దాకా దాచుకోవచ్చట. ఉచితం దాటి మార్చే ఒక్కో మనిషికి నాలుగు పాయింట్లు కోత కదా, ఆ కోత ఆమె ఎప్పుడూ పెట్టించుకోలేదు. మా బామ్మర్ది మాత్రం పోయిన వారం గోలు కొట్టినవాణ్ణి ఈ వారం కొంటాడు. వాడు ఈ వారం కొట్టడు. వాణ్ణి అమ్మేస్తాడు. వాడు అప్పుడు కొడతాడు. ఈ తతంగానికి వారం వారం నాలుగు, ఎనిమిది పాయింట్లు సమర్పించుకొని, ఆటలో అల్గారిథమ్ సరిగా లేదంటాడు.

ఇప్పుడు నా అసలు గోడుకు వస్తాను. 2025-26 సీజను నుంచి ఆటలో ఒక కొత్త నియమం పెట్టారు. గోల్స్ కొట్టకపోయినా, డిఫెండరు ఒక మ్యాచ్‌లో ట్యాక్లింగులు, అడ్డుకోవడాలు, బంతి తరిమెయ్యడాలు అన్నీ కలిపి పది చేస్తే రెండు పాయింట్లు. కనపడని చాకిరీకి ఇన్నాళ్ళకు లెక్క పెట్టారన్నమాట. వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంట్లో మోటారు వేసి ట్యాంకు నింపేది నేను, సిలిండరు బుక్ చేసేది నేను, కరెంటు బిల్లు కట్టేది నేను, కుక్క వెంటపడినా కూరగాయల సంచి వదలకుండా ఇంటికి చేరేది నేను. ఇవన్నీ కలిపితే రోజూ పది దాటుతాయి, నాకూ రెండు పాయింట్లు వెయ్యండని అడిగాను.

మా ఆవిడ జల్లెడ కింద పెట్టింది. "వేస్తాం లే. అట్లయితే నాకెన్ని రావాల?" అంది. అని, వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయింది. రెండో చెయ్యి అయింది. అప్పటికింకా ఆమె లెక్క పొద్దున ఏడు గంటలకు కూడా చేరలేదు. ఈ అంశం మీద విచారణ అవసరం లేదని అధికారులకు సవినయంగా మనవి చేస్తున్నాను.

కానీ పిల్లలు వదల్లేదు. ఆ సాయంత్రమే కూర్చొని ఇంట్లో అందరికీ ధరలు కట్టారు. వాళ్ళమ్మకు పద్నాలుగు, కెప్టెన్. హాలండ్ రేటు. డాలస్ మేనమామకు తొమ్మిది, పేరు ఎక్కువ, పాయింట్లు తక్కువ. తమకు తామే ఏడేడు వేసుకున్నారు. నాకు నాలుగు. డిఫెండరు. బెంచీ.

అతి తక్కువ ధర అదేనని నాకు తెలుసు. సీజను మొదట్లో కట్టే ధరల్లో అంతకంటే కింద అంకె లేదు. లెక్కల అమ్మాయి ఓదార్చింది. బెంచీ మీదివాడు తక్కువవాడు కాదట. పదకొండు మందిలో ఎవడన్నా దిగకపోతే వాడు తనంతట తానే లోపలికొస్తాడట. మావాడు బైకు మీద దింపనంటే నేను దింపుతాను, పనిమనిషి రాకపోతే చీపురు నా చేతికొస్తుంది, అదీ ఇదీ ఒకటేనట. పైగా నేను చొక్కాలు కొనను, సినిమాకు పోను, ఫోను మార్చను. అట్లా మిగిలిన డబ్బుతోనే కదా తమ ఫీజులు, తమ ఫోన్లు! చవకోడు చేసే మేలు వాడు మిగిల్చే డబ్బులో ఉందని ముందే చెప్పింది కదా. సిద్ధాంతంలో లోపం ఎక్కడా దొరకలేదు. దొరక్కపోవడమే నాకు బాధ.

కాబట్టి సంబంధిత అధికారులు, వారెవరైనా సరే, ఈ కింది కోర్కెలు తీర్చాలి. ఒకటి, డబ్బు లేని వ్యసనాలను కూడా చట్టంలో చేర్చాలి, కనీసం శనివారాల మట్టుకైనా. రెండు, ఇంగ్లండు వాళ్ళు గడియారం తిప్పుకొనే ముందు రాయలసీమ గృహస్థుల అభిప్రాయం తీసుకోవాలి. మూడు, లండ్‌స్ట్రామ్ పేరుతో పాటు ఆ ఏడు నాలుగు మిలియన్లకు అమ్ముడై ఏమీ చేయలేకపోయిన వాళ్ళందరి పేర్లూ పిల్లల చేత కంఠస్థం చేయించాలి. నాలుగు, నా ధర నాలుగున్నరకు పెంచాలి. పెద్ద కోరికేమీ కాదు, గౌరవం కోసం అడుగుతున్నా.

ఈ కాగితం మా అమ్మాయికి చూపించాను, అచ్చుతప్పులు దిద్దుతుందని. నాలుగో కోర్కె దగ్గర ఆగింది. "ఇంత అసంతృప్తి ఉంటే నన్ను తీసేసి ఇంకొకణ్ణి తెచ్చుకోండమ్మా" అన్నాను, కొంచెం గొంతు పెంచి.

"తీసేయొచ్చు నాయనా, కానీ ఈ వారం ఉచిత మార్పు అయిపోయింది" అంది. "నిన్ను తీస్తే నాలుగు పాయింట్లు పోతాయి. అమ్మ ఒప్పుకోదు."